చప్పుడు చేసేవి వద్దు

సెప్టెంబరు 8, ఆదివారం

ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల చిన్న సీసా ఒకటి కనపడింది. దగ్గుకని ఈయన అల్లం రసం తీసి పెట్టుకున్నారేమో అనుకుని మూత తీయబోయాను. “అది తీయకు!” అని బేస్‌మెంట్ మెట్ల మీంచి పెద్ద కేక. ఆడజింక మూత్రమట. నా ఫ్రిజ్‌లో. పెరుగు పక్కన.

ఆ వాసనకి మగజింక వస్తుందట. చల్లగా ఉంచకపోతే పాడైపోతుందట. మూత్రం కొత్తగా పాడవడమేమిటో నాకర్థం కాలేదు. సీసాని గరాజ్‌లో పెట్టించి, ఫ్రిజ్‌లోవన్నీ కింద దింపి, పసుపునీళ్ళతో తుడిచాను. తిడుతూనే తుడిచాను. ఇప్పుడు కూర్చుని రాస్తుంటే నవ్వొస్తోంది.

ఎందుకంటే ఆయన కేకేశారు. మార్చిలో లే ఆఫ్ అయినప్పట్నుంచి ఈ ఇంట్లో ఆ గొంతు అంత గట్టిగా వినపడలేదు. మొదట్లో రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసు టైముకే కారు తీసుకుని వెళ్ళేవారు, సాయంత్రం వచ్చేవారు. వెళ్ళే మనిషిని ఎక్కడికని అడక్కూడదు కదా, నేను అడగలేదు. ఎండాకాలం వచ్చేసరికి అదీ మానేసి బేస్‌మెంట్‌లో సోఫాకి అతుక్కుపోయారు. అన్నానికి పిలిస్తే వచ్చేవారు, తినేవారు, దిగిపోయేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన పక్కింటి గ్లెన్ ఒకరోజు, “సుబ్బా, తోడు రా, నాకు విసుగ్గా ఉంది” అని విలువిద్య నేర్పే చోటికి లాక్కుపోయాడు. అంతే. ఇప్పుడు మా సుబ్బరాజుగారికి కప్పీలున్న విల్లు ఒకటి, వేట కోర్సు పాసైన కార్డు ఒకటి, నా ఫ్రిజ్‌లో జింక మూత్రం ఒకటి.

గ్లెన్‌కి ఏదైనా స్వీటు చేసి పంపాలి.

సెప్టెంబరు 12, గురువారం

అన్నం తింటూ తనలో తనే నవ్వుకున్నారు. ఏమిటని అడగలేదు. పోతుందేమోనని.

సెప్టెంబరు 21, శనివారం

ఈ రోజు మా డైనింగ్ టేబుల్ మీద పెళ్ళి సామాను పరిచినట్టు వేట సామాను పరిచారు. గ్లెన్ గురువుగారిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

విల్లు దాని గట్టి పెట్టెలో. బాణాలు ఒక గొట్టంలో, వాటి మొనలు విడిగా ప్లాస్టిక్ డబ్బాలో. ఆ మొనలు చూస్తే నా కత్తిపీట సిగ్గుపడాలి. తాడు లాగడానికి మణికట్టుకి కట్టుకునే ట్రిగ్గరు. చెట్టుకి ఆనించే నిచ్చెన, దాని పైన కూర్చునే సీటు. “ట్రీ స్టాండ్” అని ఈయన నాకు వివరించబోయారు. చేల కాపలాకి వేసే మంచె నాకు తెలీదా? మంచె మీంచి పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు. వేటలో జింకలవల్ల కన్నా మంచెలవల్ల పోయేవాళ్ళే ఎక్కువని గ్లెన్ తేలిగ్గా అనేశాడు. నేను ఆ పట్టీల కుట్లన్నీ లాగి లాగి చూశాను.

ఇంకా కత్తి, తలకి కట్టుకునే లైటు, దిక్సూచి, విజిల్, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, కట్లు కట్టే సామాను, టాయిలెట్ పేపరు. మంచె దిగకుండా ఒంటికి పోసుకోడానికి ఒక సీసా కూడా ఉంది. దాన్ని మాత్రం ఫ్రిజ్ వైపు రానివ్వనని ముందే చెప్పాను. అన్నిటికన్నా ముద్దుగా ఉన్నది దూరం కొలిచే దుర్భిణి. దాన్లోంచి చూస్తే ఎదురుగా ఉన్నది ఎన్ని గజాల్లో ఉందో అంకె పడుతుంది. ఈయన సోఫాలోంచి నన్ను కొలిచి, “పన్నెండు” అన్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్ని వేషాలు వేయలేదు.

గ్లెన్‌వి రెండే నియమాలు. వాసన వద్దు, చప్పుడు వద్దు. బకిల్స్‌కి, జిప్పు కొసలకి గుడ్డ టేపు చుట్టించాడు. చాక్లెట్ కాగితం గరగరలాడుతుందని కాగితాలు విప్పించి గుడ్డసంచీలో వేయించాడు. తర్వాత ఈయన జాకెట్ వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. నిన్నటి చేపల పులుసు.

“సుబ్బా, ఆ ఊళ్ళో జింకలన్నీ నువ్వు కారు దిగకముందే అన్నానికి కూర్చుంటాయి,” అన్నాడు.

వాసనలేని సబ్బుతో అన్నీ మళ్ళీ ఉతికాను. ఇక వేట అయ్యేదాకా ఇంట్లో తాలింపు బందట. గోదావరి జిల్లా ఇంట్లో తాలింపు బందు! సరేనన్నాను. మనిషి లేచి తిరుగుతున్నందుకు ఇంగువేం ఖర్మ, ఉప్పు మానమన్నా మానేస్తాను.

వెళ్ళేటప్పుడు గ్లెన్ నా వైపు తిరిగి, “అన్నిటికన్నా ముందు సర్దుకోవాల్సింది ఇంకొకటుంది అనంతా. ఏ రోడ్డు, ఏ గేటు, ఏ చెట్టు, ఎప్పటికి తిరిగొస్తాడు – బయల్దేరే ముందు ఇంట్లో చెప్పాలి. నువ్వు అడగాలి,” అన్నాడు. నేను తలూపాను. ఈయనా ఊపారు. గ్లెన్‌కి మన సంగతులు తెలీవు పాపం. గడప దాటే మనిషిని పట్టుకుని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? మరీ కావాలంటే దూరమా అంటాం.

సెప్టెంబరు 29, ఆదివారం

మార్కమ్ నుంచి ఇషిత ఫోన్ చేసింది. “అమ్మా, డాడ్ నీడ్స్ థెరపీ, నాట్ ఎ బో,” అంది. థెరపీకి రమ్మంటే వస్తారా మీ నాన్న? విల్లుకి మాత్రం వచ్చారు. ఆయన బానే ఉన్నారే అన్నాను. “డిడ్ యూ ఆస్క్ హిమ్?” అంది. కూతురికి జవాబు చెప్పకుండా ఉండటం నాకు బాగా అలవాటైంది. వంటింట్లో ఏదో మాడుతోందని పెట్టేశాను. తాలింపే లేని వంటింట్లో మాడేదేముంది.

అక్టోబరు 1, మంగళవారం

సీజన్ మొదలు. తెల్లవారకముందే గ్లెన్‌తో వెళ్ళారు. ఎదురొచ్చాను. దూరమా అంటే దగ్గరే అన్నారు. సాయంత్రం ఉత్తిచేతులతో, ముక్కు ఎర్రగా చేసుకుని, ఒళ్ళంతా ఆకులతో వచ్చారు. నక్కని చూశారట. నక్క ఎలా కూర్చుంది, ఎలా గోక్కుంది, ఎలా వెళ్ళిపోయింది – అన్నం చల్లారిపోయేదాకా చెప్పారు.

హమ్మయ్య.

అక్టోబరు 9, బుధవారం

మార్కమ్ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇన్ని రౌండ్లు ఇంటర్వ్యూ చేసి, ఇప్పుడు వేరే అభ్యర్థిని తీసుకున్నామని. లాప్‌టాప్ మూసేశారు. “ఏమన్నా తింటారా?” అన్నాను. వద్దన్నారు. మెట్లు దిగిపోయారు.

అక్టోబరు 10

దిగినవాళ్ళు దిగినట్టే ఉన్నారు.

అక్టోబరు 13, ఆదివారం

గ్లెన్ రెండుసార్లు వచ్చి పిలిచాడు. ఒంట్లో బాలేదని చెప్పమన్నారు. వేట సంచీ గరాజ్‌లో మూతి ముడుచుకుని కూర్చుంది. చికెన్ ఇగురు చేశాను, కరివేపాకు తాలింపుతో. వాసనకైనా పైకి వచ్చి తిడతారని చూశాను. రాలేదు.

ఆయన బానే ఉన్నారు. కొంచెం టైము పడుతుంది. అంతే.

అక్టోబరు 18, శుక్రవారం

లైబ్రరీలో డ్యూటీ అయ్యి వచ్చేసరికి గరాజ్ తలుపు తీసి ఉంది. కింద కూర్చుని సంచీ సర్దుకుంటున్నారు! నా ప్రాణం లేచొచ్చింది. పలకరిస్తే ఆగిపోతారేమోనని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఒక్కొక్కటీ తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి, చప్పుడు రాకపోతే లోపల పెడుతున్నారు. విజిల్ గొలుసు కాస్త గలగలమంది. గొలుసుతో సహా విజిల్ పక్కన పడేశారు.

రేపు ఒక్కరే వెళ్తారట. గ్లెన్‌కి ఇవాళ జ్ఞానదంతం పీకారు, బుగ్గ బూరె అయింది. “ఒక్కడినే అయితే ఇంకా నిశ్శబ్దం,” అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు.

తినడానికి ఏం పెట్టనంటే చాక్లెట్లు చాలన్నారు. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా చలిలో చాక్లెట్ల మీద ఉంటారా? పెరుగన్నానికి వాసనేముంది? ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు స్టీలు డబ్బాలో పెరుగన్నం పెట్టి, స్పూను కూడా వేసి, తుండుగుడ్డలో గట్టిగా చుట్టి సంచీ అడుక్కి తోసేశాను. మా అత్తగారు ఇచ్చిన డబ్బా, మూత మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించి ఉంటుంది. చూస్తే తిడతారు. తిట్టనీ.

అక్టోబరు 19, శనివారం

పొద్దున. వెళ్ళారు. ఎదురొచ్చాను. దూరమా అన్నా. “దగ్గరే. భోజనానికి వచ్చేస్తా,” అన్నారు. ఎదురింటివాళ్ళ పిల్లి కూడా అడ్డం రాలేదు.

రొయ్యల ఇగురు చేశాను. తాలింపు పెట్టే చేశాను. తిరిగొచ్చాక బట్టలకి వాసన పడితే ఏంటంట.

రొయ్యలు చల్లారాయి. ఫోన్ కలవట్లేదు. అడవిలో సిగ్నల్ ఉండదు. మామూలే.

దేవుడి అర ముందుకు వెళ్ళాను, ఊరికే నిలబడదామని. పళ్ళెంలో ఆయన ఉంగరం ఉంది. మెళ్ళో వేసుకునే గొలుసు ఉంది. వాచీ ఉంది.

ఎందుకు తీసి పెట్టినట్టు?

నాకేమనిపించిందో ఇక్కడ రాయను.

గ్లెన్ ఇంటికి వెళ్తున్నా.

అక్టోబరు 20, ఆదివారం

ఆయన ఉన్నారు. ఉన్నారు. ఆసుపత్రిలో కాలికి కట్టుతో, జావ బాలేదని నర్సుకి చెప్తూ, ఉన్నారు. ఇంటికెళ్ళి పడుకోమని ఇషిత నన్ను పంపేసింది. రాత్రికి రాత్రే కారులో వచ్చింది పిల్ల. నిద్ర రావట్లేదు కాబట్టి వరసగా రాస్తాను.

గ్లెన్ తలుపు తీశాడు, బుగ్గలో దూది. “సుబ్బ రాలేదా? ఏ చోటికి వెళ్ళాడు?” అన్నాడు. తెలీదన్నాను. “నీకు చెప్పలేదా?” చెప్పలేదు. “నువ్వు అడగలేదా?” తల అడ్డంగా ఊపాను.

పోలీసులకి ఫోన్ చేశాం. అటువైపు ఒకమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది.

“మీ ఆయన ఎక్కడికి వెళ్ళారు మేడమ్?”

“దగ్గరే.”

“దేనికి దగ్గర?”

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన దగ్గరే అన్నవన్నీ గుర్తొచ్చాయి. మూలనున్న పాలకొట్టు దగ్గరే. ఇషిత దగ్గరికి మార్కమ్ దాకా నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే అదీ దగ్గరే. ఈ దేశానికి విమానం ఎక్కేటప్పుడు మా నాన్నగారు దూరమా అబ్బాయీ అంటే, నా ముందే, దగ్గరేనండి అన్నారు. అది జవాబు కాదు, వెళ్ళేవాళ్ళ మర్యాద. కెనడా పోలీసుకి దాన్ని ఏ భాషలో చెప్పను? ఎక్కడికని అడిగితే కీడని, అందుకే అడగలేదని చెప్పాను. “ఐ సీ,” అంది. ఏం చూసిందో.

ఫోన్‌లో ఇషిత మాత్రం అరిచింది. “వాట్ డు యూ మీన్, అడక్కూడదు? అమ్మా, హీ వెంట్ టు ది వుడ్స్!”

వాళ్ళిద్దరూ మంచెలు కట్టుకున్న చోట్లు రెండున్నాయని గ్లెన్ చెప్పాడు. ఒకటి కాలబోగీ వైపు, ఇంకోటి వైట్ లేక్ వెనకాల. పోలీసులు కాలబోగీ వెళ్ళారు. మేం గ్లెన్ ట్రక్కులో వైట్ లేక్ వైపు. దారి పొడుగునా గ్లెన్ దూది పెట్టుకున్న నోటితో ఏదో ధైర్యం చెప్పాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు పళ్ళెంలో ఉంగరమే కనపడుతోంది.

ఇప్పుడు రాస్తాను, నిన్న రాయనిది. తిరిగి రాకూడదని వెళ్ళారేమో అనుకున్నాను. ఒంటి మీది బంగారం మాకోసం విడిచిపెట్టి వెళ్ళారనుకున్నాను. ఒక్కడినే అయితే నిశ్శబ్దం అన్నారు కదా. భోజనానికి వస్తానన్నది కూడా దగ్గరే అన్నట్టు మర్యాదకే అన్నారేమో. అలా అనుకుంటూనే సీటు బెల్టు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, ఎవరికేం మొక్కానో ఇప్పుడు గుర్తు లేదు. అందరికీ అన్నీ చేసేస్తాను.

మట్టిరోడ్డు చివర గేటు దగ్గర మా కారుంది. అద్దం వెనక మా వినాయకుడు. నేను వెళ్ళి కారుని ముట్టుకున్నాను, చల్లగా ఉంది.

అక్కణ్ణుంచి నడక. గ్లెన్ ముందు, నేను వెనక. “సుబ్బా!” అని వాడు, “ఏవండీ!” అని నేను. అడవిలో ఏవండీ అంటే ఎవరు పలుకుతారు? కొంత దూరం వెళ్ళాక వాళ్ళు మంచె కట్టిన చెట్టు వచ్చింది. ఖాళీ. నిచ్చెనే లేదు. విప్పి వేరే చెట్టుకి మార్చుకున్నట్టున్నారు, ఏ చెట్టుకో గ్లెన్‌కీ తెలీదు. పొద్దు వాలుతోంది. ఒకలాంటివే చెట్లు, ఎటు చూసినా. అప్పుడు మొట్టమొదటిసారి పేరు పెట్టి పిలిచాను. “సుబ్బరాజుగారూ!” అని. పెళ్ళిలో కూడా ఆ పేరు ఎవరి చెవిలోనో చెప్పానుగానీ పైకి అనలేదు. నిన్న గొంతు చిరిగేలా అరిచాను. గారు మాత్రం మానలేదు, ఎందుకో.

పిలిచి పిలిచి ఊపిరి కోసం ఆగామా, ఎక్కడో టక్ టక్ మని వినపడింది. ఆగింది. మళ్ళీ టక్ టక్ టక్.

“వడ్రంగిపిట్ట,” అన్నాడు గ్లెన్, ముందుకి నడుస్తూ.

“కాదు,” అన్నాను.

వంటింట్లో ఇన్నేళ్ళు బతికిన దాన్ని. మా అత్తగారి డబ్బా మూత చప్పుడు నాకు తెలీదా? అది చెట్టు చప్పుడు కాదు, స్టీలు చప్పుడు. గ్లెన్‌ని వదిలేసి అటు పరుగెత్తాను. చలిబూట్లతో, ఈ మోకాళ్ళతో, కొమ్మలు మొహానికి కొడుతుంటే పరుగెత్తాను.

చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నారు. ఎడమ కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. ఒళ్ళో డబ్బా. చేతిలో స్పూను. నన్ను చూసి ఇంకోసారి కొట్టారు, చెయ్యి ఆగక.

“ఎవరు పెట్టమన్నారు ఇది?” అన్నారు. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి, అయినా గద్దింపే.

నేను పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన రెక్క మీద కొట్టాను కూడా. గ్లెన్ వచ్చి, మా ఇద్దర్నీ చూసి, చెట్టు పట్టుకుని నిలబడి దూది ఉమ్మేసి నవ్వాడు. తర్వాత వాడూ కళ్ళు తుడుచుకున్నాడు.

పొద్దున్నే చలికి కాళ్ళు తిమ్మిరెక్కి దిగబోయారట. పట్టీ విప్పేశాక, ఇంక రెండు మెట్లుండగా, నిచ్చెన మీది మంచుకి కాలు జారి వేరు మీద పడ్డారు. చీలమండ దగ్గర రెండు ఎముకలూ విరిగాయి. పాకుదామంటే కళ్ళు తిరిగాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. విజిల్ గరాజ్‌లో. అరిచి అరిచి గొంతు పోయింది. చాక్లెట్ల కోసం సంచీలో చెయ్యి పెడితే అడుగున తుండుగుడ్డ తగిలింది. “ముందు తిన్నాను. తర్వాత కొట్టాను,” అన్నారు. డబ్బాలో ఒక్క మెతుకు లేదు.

గ్లెన్ సిగ్నల్ దొరికేదాకా నడిచి పోలీసులకి ఫోన్ చేసి వచ్చాడు. వాళ్ళు స్ట్రెచర్ తెచ్చేలోపు ఆగలేక అడిగేశాను. ఉంగరం ఎందుకు తీశారని.

“విల్లుకి తగిలి టిక్కుమంటుంది. గొలుసు గలగలమంటుంది. వాచీ టిక్ టిక్. చప్పుడు చేసేవి వద్దన్నాడుగా,” అన్నారు, గ్లెన్ వైపు గడ్డం చూపించి.

అంతే. అంతేనా. నాకు ఒక్కసారిగా ఆకలేసింది.

అక్టోబరు 22, మంగళవారం

ఆపరేషన్ అయింది. స్క్రూలు వేశారు. ఇషిత కాఫీకి వెళ్ళినప్పుడు, పైకప్పు చూస్తూ అన్నారు:

“మార్చి నుంచి ఎండాకాలందాకా రోజూ కారు తీసుకుని వెళ్ళాను. ఒక్కసారైనా ఎక్కడికని అడగలేదు నువ్వు.”

“వెళ్ళేవాళ్ళని అడక్కూడదు కదండీ.”

“అందుకేనా?”

దుప్పటి సర్దాను. సర్దడానికేం లేదు దాన్లో.

నది ఒడ్డున పార్కింగ్‌లో కారాపుకుని కూర్చునేవారట, సాయంత్రందాకా. బాతుల్ని చూస్తూ. “నువ్వడిగితే అబద్ధం చెప్పాల్సొస్తుందని భయం. అడక్కపోతే, నేను ఎటు పోతే ఎవరికని. రెండూ ఉండేవి,” అన్నారు. నాకేమో మీరు నిజం చెప్పేస్తారని భయం అని నేను చెప్పాను. ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. వేలికి ఉంగరం నేనే తొడిగాను. వాచిపోయిన వేలికి సబ్బు రాసి.

నవంబరు 6, బుధవారం

ఇంటికొచ్చారు. బేస్‌మెంట్ మెట్లు దిగలేరు కాబట్టి హాల్లోనే పక్క. డాక్టరుగారు తెలియకుండానే ఎంత మేలు చేశారో.

ఈ రోజు ఇంగువ తాలింపు. ఇల్లంతా.

డిసెంబరు 15, ఆదివారం

కర్రల సాయంతో వీధి చివరిదాకా నడిచారు. ఇషిత చెప్పిన కౌన్సిలర్‌తో వారంవారం వీడియోలో మాట్లాడుతున్నారు. నేను కిటికీలోంచి చూస్తుంటే గ్లెన్, ఆయన మంచులో నిలబడి నా డబ్బా గురించే మాట్లాడుకుంటున్నారు. చేతులు చూస్తే తెలుస్తోంది.

మార్చి 3, సోమవారం

కాంట్రాక్ట్ ఉద్యోగం. ఇక్కడే కనాటాలో. జీతం తక్కువ, బాసు ఇషిత కన్నా చిన్నవాడు. ఈయన “పిల్లాడు మంచివాడు” అన్నారు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతుంటే అడగబోయాను. నోటిదాకా వచ్చింది. దూరమా అనే వచ్చింది.

అక్టోబరు 3, శుక్రవారం

డైనింగ్ టేబుల్ మీద మళ్ళీ పెళ్ళి సామాను. విల్లు, బాణాలు, పట్టీలు, దుర్భిణి, తాడు, కత్తి, లైటు. విజిల్ ఈసారి గొలుసు లేకుండా, మెత్తని తాడుకి. జింక మూత్రం గరాజ్‌లోనే. స్టీలు డబ్బా అందరికన్నా ముందు సర్దారు, ఆయనే. మూత మీద అత్తగారి పేరులో మొదటి రెండక్షరాలు సొట్టపోయాయి, మిగతావి కనపడుతున్నాయి. గ్లెన్ సంచీలో కూడా ఒకటుంది. భీమవరం నుంచి వచ్చినవాళ్ళతో తెప్పించాను, మూత మీద తెలుగులో గ్లెన్ అని కొట్టించి. వాడు దాన్ని తలకిందులుగా చదువుతాడు.

అక్టోబరు 4, శనివారం

ఇంకా వెలుగు రాలేదు. గ్లెన్ ట్రక్కు బయట సద్దు చేస్తోంది. ఈయన బూట్లు వేసుకుని, సంచీ తగిలించుకుని, తలుపు తీశారు. ఒక కాలు గడప అవతల పెట్టారు.

“ఎక్కడికండీ?” అన్నాను.

అనేశాక నాలిక కరుచుకున్నాను. మా అమ్మ వింటే నెత్తి మీద మొట్టేది. ఆయన అలాగే ఆగిపోయారు. మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, తలుపు చేరేసి, బూట్లతోనే హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎక్కడికని అడిగించుకున్నవాళ్ళు ఒకసారి కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాలి కదా. నేను వంటింట్లోకి పరుగెత్తి గ్లాసుతో వచ్చాను.

గ్లాసు తీసుకోలేదు. నన్నే చూస్తున్నారు.

“మళ్ళీ అడుగు,” అన్నారు.

“ఎక్కడికండీ?”

చెప్పారు. రోడ్డు నంబరు, గేటు రంగు, గేటు దగ్గర్నుంచి ఎటు తిరగాలో, వాగు దాటాక ఏ చెట్టు, దానికి మెరుపు కొట్టిన మచ్చ ఏ పక్క ఉంటుందో, భోజనానికి ఎప్పుడొస్తారో. కాగితం మీద రాసుకోనక్కర్లేకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు, మధ్యలో ఆగి ఆగి, మొహమంతా వెలుగుతో చెప్పారు. బయట గ్లెన్ రెండుసార్లు హారన్ కొట్టినా లేవలేదు.

అంతా చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. దూరమో దగ్గరో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.